4 ర్యామ్ స్టిక్‌లు వేశాక రోజూ బ్లూ స్క్రీనే: తప్పు మదర్‌బోర్డుదా, మెమరీదా?

పసుపు_లైటు:

బి650 చిప్‌సెట్ బోర్డు, రైజెన్ 7 7700 ప్రాసెసర్. 16 జీబీ స్టిక్‌లు రెండు (డీడీఆర్5 6000, సీఎల్30, 1.35 వోల్టులు) ఎక్స్‌పో (పెట్టె మీద రాసిన వేగానికి మెమరీని తీసుకెళ్లే బోర్డు సెట్టింగ్) ఆన్ చేసి వాడుతుంటే ఏ గొడవా లేదు. మెమరీ చాలట్లేదని అచ్చం అదే మోడల్ నంబరున్న ఇంకో జత వేశాను. మొత్తం 64 జీబీ అయింది. అక్కణ్ణుంచి ఇదీ వరస:

మొదటిసారి ఆన్ చేసినప్పుడు బోర్డు మీద డీరామ్ అని రాసున్న పసుపు లైటు వెలిగి దాదాపు 8 నిమిషాలు తెర నల్లగానే ఉంది. తర్వాత బూట్ అయింది. విండోస్ 64 జీబీ, 6000 అనే చూపిస్తోంది. కానీ గంటకో రెండు గంటలకో బ్లూ స్క్రీన్. ఒకసారి మెమరీ మేనేజ్‌మెంట్, ఒకసారి ఐఆర్‌క్యూఎల్ నాట్ లెస్ ఆర్ ఈక్వల్, ఇంకోసారి పేజ్ ఫాల్ట్ ఇన్ నాన్‌పేజ్డ్ ఏరియా. పెద్ద జిప్ ఫైలు విప్పుతుంటే 7-జిప్ సీఆర్‌సీ ఎర్రర్ (విప్పిన డేటా అసలుతో సరిపోలలేదని) అంటుంది, అదే ఫైలు మళ్లీ విప్పితే ఈసారి వేరే చోట ఎర్రర్. రాత్రంతా ఆపేసి పొద్దున ఆన్ చేస్తే క్రాష్ తప్పనిసరి, రీస్టార్ట్ చేస్తే కాసేపు బాగుంటుంది.

విండోస్ మెమరీ డయాగ్నస్టిక్ నడిపాను, సమస్య ఏమీ లేదంది. బయోస్ (బోర్డులోనే ఉండి, ఆన్ చేయగానే మొదట నడిచే సాఫ్ట్‌వేర్) బోర్డుతో వచ్చినదే, అప్‌డేట్ చేయలేదు. పీబీఓలో కర్వ్ ఆప్టిమైజర్ (ప్రాసెసర్ కోర్లకిచ్చే వోల్టేజీని తగ్గించే సెట్టింగ్) అన్ని కోర్లకీ మైనస్ 25 ఉంది. బోర్డు మార్చాల్సిందేనా?

మెమరీ_మేస్త్రి:

బోర్డు జోలికి ఇప్పుడే వెళ్లకండి. ముందు ఆ మెషీన్‌లో విండోస్ వాడటం ఆపండి. మాట వరసకి అనడం లేదు. చెడిన మెమరీతో విండోస్ నడిచినంతసేపూ తప్పు బిట్లు డిస్క్ మీదకి వెళ్లి కూర్చుంటాయి: అప్‌డేట్లు, రిజిస్ట్రీ, మీరు సేవ్ చేసే ఫైళ్లు. రేపు ర్యామ్ సరిచేశాక కూడా క్రాష్‌లు ఆగకపోతే కారణం తెలియక జుట్టు పీక్కుంటారు. ఇక నుంచి పరీక్షలన్నీ పెన్ డ్రైవ్ నుంచి బూట్ చేసే మెమ్‌టెస్ట్86 లోనే. ఉచిత వెర్షన్ 4 పాస్‌ల (పరీక్షలన్నీ ఒకసారి పూర్తయితే ఒక పాస్) దాకా నడుస్తుంది, మనకి అది చాలు.

మీరు చెప్పినవాటిలో అసలైన ఆధారం ఆ జిప్ ఫైలు. డిస్క్ మీద ఫైలే పాడైతే ప్రతిసారీ ఒకే చోట ఎర్రర్ రావాలి. చోటు మారుతోందంటే ఫైలు బాగానే ఉంది, మెమరీలోకి వచ్చాక చెడుతోంది. స్టాప్ కోడ్ (బ్లూ స్క్రీన్ మీద కనపడే ఎర్రర్ పేరు) పూటకొకటి కావడమూ అందుకే: చెడిన బిట్ ఎవరి డేటాలో పడితే వాళ్ల పేరు మీద బ్లూ స్క్రీన్ వస్తుంది. డ్రైవర్ తప్పయితే ఒకే కోడ్, ఒకే ఫైలు పేరు పదేపదే కనపడుతుంది. విండోస్ డయాగ్నస్టిక్ ఇచ్చిన సర్టిఫికెట్‌ని పట్టించుకోకండి. పూర్తిగా చచ్చిన చిప్‌ని అది పడుతుంది గానీ, అంచున ఊగిసలాడే మెమరీని పట్టేంత ఒత్తిడి పెట్టదు.

రెండో పని: ఆ మైనస్ 25 ఇప్పుడే తీసేయండి. కర్వ్ ఆప్టిమైజర్ ఎక్కువైతే వచ్చే లక్షణాలు ర్యామ్ లక్షణాల్లాగే ఉంటాయి. పని తక్కువ ఉన్నప్పుడు ఏదో ఒక కోర్ గరిష్ఠ వేగానికి ఎగిరి, ఆ క్షణంలో వోల్టేజీ చాలక తప్పు లెక్క చేస్తుంది. గంటల తరబడి మెమరీ టెస్ట్ నడిపినా పట్టుబడదు, ఎందుకంటే అప్పుడు అన్ని కోర్లూ పనిలో ఉంటాయి, ఏదీ అంత పైకి ఎగరదు. ఇద్దరు అనుమానితులు ఒకేసారి గదిలో ఉంటే విచారణ సాగదు.

ఇక అసలు విషయం. 7000 సిరీస్ రైజెన్‌లకి ఏఎండీ ప్రకటించిన మెమరీ వేగం 2 స్టిక్‌లతో 5200, 4 స్టిక్‌లతో 3600. అవును, 3600. పెట్టె మీద ఉన్న 6000 స్టిక్ తయారీదారు మాట. అది కూడా ఆ పెట్టెలో ఉన్న 2 స్టిక్‌లకే, ఇంకో పెట్టె కలిపితే ఆ మాట వర్తించదు. ఒకే మోడల్ నంబర్ ఉన్నా లోపలి చిప్‌లు ఒకటే అని హామీ లేదు. సీపీయూ-జెడ్ అనే ప్రోగ్రామ్ తెరిచి ఎస్‌పీడీ ట్యాబ్‌లో ఒక్కో స్లాట్‌కీ డీరామ్ తయారీదారు, తయారైన వారం చూడండి. తేడా ఉంటే ఆశ్చర్యపోనక్కర్లేదు.

4 స్టిక్‌లు ఎందుకు కష్టమంటే, మామూలు బోర్డుల్లో ఒక చానెల్‌లోని (ప్రాసెసర్‌కీ మెమరీకీ మధ్య ఉండే రెండు దారుల్లో ఒకటి) రెండు స్లాట్‌లూ ఒకే తీగ మీద వరసగా ఉంటాయి. ప్రాసెసర్ నుంచి వచ్చే సిగ్నల్ ముందు దగ్గరి స్లాట్‌ని తాకి, తర్వాత చివరి స్లాట్‌కి వెళుతుంది. చివరిదాంట్లో ఒక్క స్టిక్కే ఉంటే సిగ్నల్ శుభ్రంగా అక్కడికెళ్లి ముగుస్తుంది. మధ్యలో ఇంకో స్టిక్ కూర్చుంటే ఆ తీగ మీద బరువు పెరుగుతుంది, ప్రతి మలుపులోనూ కొంత సిగ్నల్ వెనక్కి తన్నుతుంది. 6000 వేగంలో ఒక బిట్‌కి దొరికే సమయం 0.17 నానోసెకను కూడా ఉండదు. అందులో ఆ వెనక్కొచ్చే అల కలిస్తే 1 అనేది 0 అనిపిస్తుంది. బూట్ అయ్యేటప్పుడు జరిగే ట్రెయినింగ్ (బోర్డు మెమరీతో సిగ్నల్ కుదుర్చుకునే పని) ఏదో ఒక సెట్టింగ్ దగ్గర సర్దుకుంటుంది. విండోస్ దాకా వచ్చింది కాబట్టి స్థిరంగా ఉందనుకోవడం అక్కడే తప్పు.

ఈ వరసలో చేయండి, ఒక్కసారికి ఒక్కటే మార్చండి:

1. బయోస్ కొత్త వెర్షన్ వేయండి. ఏజీసా (బయోస్‌లో ఏఎండీ ఇచ్చే భాగం) అప్‌డేట్లలో మెమరీ ట్రెయినింగ్ చాలా మెరుగుపడింది. పాత వెర్షన్‌లో సేవ్ చేసుకున్న ప్రొఫైల్ ఉంటే దాన్ని కొత్తదాంట్లో లోడ్ చేయొద్దు, సెట్టింగులన్నీ చేత్తో మళ్లీ పెట్టుకోండి.

2. ఎక్స్‌పో ఆఫ్, 4 స్టిక్‌లు, మెమరీ వేగం 3600. మెమ్‌టెస్ట్86 4 పాస్‌లు. 64 జీబీకి రాత్రంతా పడుతుంది, పట్టనివ్వండి.

3. పాత జత మాత్రమే, ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెడితే 2, 4 స్లాట్‌లలో (ఏ2, బీ2), ఎక్స్‌పో ఆన్. టెస్ట్.

4. కొత్త జత మాత్రమే, అవే స్లాట్‌లు, అదే సెట్టింగ్. టెస్ట్.

5. 4వ మెట్టులో ఎర్రర్ వస్తే కొత్తవాటిలో ఒక్కో స్టిక్‌ని విడిగా ఏ2లో ఒకసారి, బీ2లో ఒకసారి. మొత్తం 4 పరీక్షలు. ఎర్రర్ స్టిక్ వెంట నడిస్తే స్టిక్ తప్పు, స్లాట్ వెంట ఉండిపోతే బోర్డో సాకెట్ పిన్నులో.

స్టిక్‌ల మీద 1, 2, 3, 4 అని కాగితం ముక్క అంటించుకోండి. మూడోసారి మార్చేటప్పటికి ఏది ఏదో గుర్తుండదు. ఎర్రర్లు వస్తే సంఖ్య ఒక్కటే కాదు, రిపోర్ట్‌లో అడ్రస్‌ల పరిధి, బిట్స్ ఇన్ ఎర్రర్ మాస్క్ అనే వరస (ఏ బిట్ తప్పిందో చూపేది) కూడా ఫొటో తీయండి.

సాకెట్_చూపు:

మేస్త్రి గారు చెప్పిన 5వ మెట్టులో స్లాట్ తప్పని తేలితే వెంటనే బోర్డుకి తద్దినం పెట్టకండి. మీ ప్రాసెసర్ కూర్చునే ఏఎం5 రకంలో పిన్నులు సాకెట్‌లో ఉంటాయి, 1718 పిన్నులు. ఒక చానెల్ మొత్తం కనపడకపోవడం, ఒకే స్లాట్‌లో ఎర్రర్లు రావడం చాలాసార్లు వంగిన పిన్ను వల్లో, ప్రాసెసర్ కింద చేరిన థర్మల్ పేస్ట్ చుక్క వల్లో జరుగుతాయి. టార్చ్ లైటు పక్కనుంచి ఏటవాలుగా వేసి చూడండి. పిన్నులన్నీ ఒకే దిక్కుకి ఒకేలా మెరవాలి, ఒక్కటి మెరుపు తప్పినా కంటికి తెలుస్తుంది. వేలు మాత్రం పెట్టొద్దు.

కూలర్ బిగింపు కూడా చూడండి. ఒక మూల ఎక్కువ బిగిసి ఎదురుమూల వదులైతే కొన్ని పిన్నుల మీద ఒత్తిడి తగ్గుతుంది. స్క్రూలు వదులు చేసి, ఎదురెదురు మూలలకి మార్చి మార్చి సగం సగం తిప్పుతూ బిగించండి.

స్టిక్‌ల విషయంలో జరిగే పొరపాటు ఇంకోటి: చాలా బోర్డుల్లో స్లాట్‌కి ఒక చివరే లాక్ ఉంటుంది. లాక్ లేని చివర టక్‌మని చప్పుడు రాదు కాబట్టి అది సగమే దిగి ఆగిపోతుంది. స్టిక్ కింది బంగారు రంగు గీత రెండు చివర్లా ఒకే మందంలో కనపడుతోందా, ఒకవైపు ఎక్కువ కనపడుతోందా చూడండి. ఆ కాంటాక్ట్‌లని 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో తడిపిన, పోగులు రాలని గుడ్డతో ఒకే దిక్కుకి తుడవండి. రబ్బరుతో రుద్దే అలవాటు కొందరికుంది, వద్దు. పొడి స్లాట్‌లో పడుతుంది, పైపూత కూడా అరుగుతుంది.

వోల్టు_వీరుడు:

ఇంత తతంగం ఎందుకండీ? ఎస్ఓసీ వోల్టేజ్ (ప్రాసెసర్‌లో మెమరీ కంట్రోలర్ ఉన్న భాగానికి వెళ్లేది) 1.3కి, మెమరీ వోల్టేజ్ 1.45కి పెంచితే 4 స్టిక్‌లూ 6000లో కూర్చుంటాయి. కూర్చోకపోతే 5600.

మెమరీ_మేస్త్రి:

కూర్చోవచ్చు, కూర్చోకపోనూ వచ్చు. ఎందుకు కూర్చుందో మాత్రం తెలియదు. ఏ స్టిక్ బాగుందో తేలకుండా వోల్టేజ్ పెంచడమంటే జ్వరం ఎందుకొచ్చిందో చూడకుండా మాత్ర వేయడమే. బలహీనమైన చిప్ ఉంటే వోల్టేజ్ దాన్ని కొన్నాళ్లు దాచిపెడుతుంది, వేసవిలో మళ్లీ బయటికొస్తుంది.

ఇక ఎస్ఓసీ 1.3 అనేది 2023లో ప్రాసెసర్లు కాలిపోయిన గొడవ తర్వాత ఏఎండీ గీసిన పైగీత. దాన్ని మొదలుపెట్టే చోటు అనుకోకూడదు. 2 స్టిక్‌లకి 6000లో చాలా ప్రాసెసర్లకి 1.15 నుంచి 1.25 లోపే సరిపోతుంది. పాత బయోస్‌లు కొన్ని ఎక్స్‌పో ఆన్ చేయగానే ఆటోలో ఇంకా పైకి తీసుకెళ్లేవి, అప్‌డేట్ ముందు చేయమన్నది అందుకు కూడా. పైగా ఎస్ఓసీ పెంచినకొద్దీ స్థిరత్వం పెరుగుతుందన్న లెక్క లేదు. ఒక దశ దాటాక ట్రెయినింగ్ ఇంకా చెడిపోయే ప్రాసెసర్లు ఉంటాయి. మార్చాల్సి వస్తే 0.02 చొప్పున, ప్రతిసారీ టెస్ట్.

5600 మాట మాత్రం సబబే. కానీ అది ఆఖరి మెట్టు.

పసుపు_లైటు:

చేశాను. బయోస్ అప్‌డేట్, కర్వ్ ఆప్టిమైజర్ సున్నా. ఫలితాలు:

4 స్టిక్‌లు, 3600: 4 పాస్‌లు, ఎర్రర్లు 0.
పాత జత (1, 2), ఎక్స్‌పో 6000: 4 పాస్‌లు, 0.
కొత్త జత (3, 4), ఎక్స్‌పో 6000: రెండో పాస్‌లో 7 ఎర్రర్లు.
స్టిక్ 3 ఒక్కటే ఏ2లో: 4 ఎర్రర్లు. బీ2లో: 5 ఎర్రర్లు.
స్టిక్ 4 ఒక్కటే ఏ2లో, బీ2లో: 0.
స్టిక్ 3 ఒక్కటే, ఎక్స్‌పో ఆఫ్, 4800: 0.

స్టిక్ 3 రిపోర్ట్‌లో ప్రతి ఎర్రర్‌లోనూ రావలసిన విలువకి, వచ్చిన విలువకి ఒకే అంకె తేడా: ఎఫ్ ఉండాల్సిన చోట డీ ఉంది. మాస్క్ వరస రెండు స్లాట్‌లలోనూ ఒకటే. అడ్రస్‌లు కూడా దగ్గర దగ్గరగా ఉన్నాయి. సీపీయూ-జెడ్‌లో చూస్తే పాత జతకీ కొత్త జతకీ డీరామ్ తయారీదారులే వేరు. 4800లో పాస్ అయింది కదా, స్టిక్ బాగున్నట్టా కాదా?

మెమరీ_మేస్త్రి:

ఇంత శుభ్రంగా తేలడం అరుదు. స్టిక్ 3 చెడ్డది. స్లాట్ మార్చినా ఎర్రర్ దాని వెంటే వెళ్లింది, బోర్డు నిర్దోషి.

రిపోర్ట్‌లో అంకెలు హెక్స్ (16 అంకెల) లెక్కలో ఉంటాయి; బిట్లలో రాస్తే ఎఫ్ అంటే 1111, డీ అంటే 1101. అంటే ప్రతిసారీ అదే ఒక్క బిట్ 1 నుంచి 0కి పడిపోతోంది. మీ 16 జీబీ స్టిక్ మీద 2 జీబీ చిప్‌లు 8 ఉంటాయి, ఒక్కో చిప్ 8 బిట్లు మోస్తుంది. కాబట్టి బిట్ మారకపోతే చిప్ కూడా మారదు. ఇక అడ్రస్‌లు చూడాలి. ఒకే బిట్ మెమరీ అంతటా చెల్లాచెదురుగా తప్పుతుంటే అది డేటా తీగ సమస్య: దుమ్ము పట్టిన కాంటాక్ట్, సగం దిగిన స్టిక్, వంగిన పిన్ను. ఒకే బిట్ ఇరుకైన అడ్రస్ పరిధిలో మాత్రమే తప్పుతుంటే ఆ చిప్‌లో కొన్ని గడులు (బిట్లు దాచుకునే చోట్లు) బలహీనం. మీది రెండోది. ఏ బిట్ అనేది, ఏ అడ్రస్ అనేది ప్రతిసారీ మారుతుంటే అప్పుడు టైమింగ్, వోల్టేజ్, కంట్రోలర్ వైపు చూడాలి. 13వ పరీక్షలో, అంటే హ్యామర్ టెస్ట్‌లో మాత్రమే ఎర్రర్లు వస్తే దాని లెక్క వేరు. అది ఒకే వరసని ఎడాపెడా బాది పక్క వరసలోని బిట్లు పడతాయేమో చూస్తుంది, మామూలు వాడకంలో ఇబ్బందిపెట్టని స్టిక్ కూడా అక్కడ తప్పొచ్చు.

4800లో పాస్ కావడం గురించి: ఆ వేగంలో చిప్‌కి తీరిక ఎక్కువ, బలహీనమైన గడి కూడా సమయానికి చదవబడుతుంది. కానీ మీరు కొన్నది 6000 అని రాసున్న స్టిక్. దాని సొంత ఎక్స్‌పో ప్రొఫైల్‌లో, ఒంటరిగా, సరైన స్లాట్‌లో ఎర్రర్ ఇస్తే మార్చి ఇవ్వాల్సిన సరుకే. డీడీఆర్5లో చిప్ లోపలే ఈసీసీ (తప్పు బిట్లని దిద్దే ఏర్పాటు) ఉంటుంది కదా అని ఎవరైనా వాదించవచ్చు. అది చిప్ లోపలి చిన్న తప్పులని దిద్దుకోవడానికే. చిప్ నుంచి ప్రాసెసర్ దాకా దారిలో జరిగేవాటిని అది చూడదు, దిద్దిన సంగతి విండోస్‌కి చెప్పదు. అదుండి కూడా ఎర్రర్ బయటపడిందంటే ఆ చిప్ పరిస్థితి ఊహించుకోండి.

వెనక్కి పంపేటప్పుడు 3, 4 రెండూ కలిపి పంపండి. చాలామంది తయారీదారులు జతగా అమ్మినదాన్ని జతగానే మారుస్తారు. రిపోర్ట్ ఫైలు, ఫొటో జతచేయండి.

ఇంకో మాట. మంచి జత వచ్చినా 4 స్టిక్‌లు 6000లో నడుస్తాయని అనుకోవద్దు. మీకున్నవి రెండు వేర్వేరు తయారీదారుల చిప్‌లు, వాటికి కావలసిన ఉపటైమింగులు (మెమరీ లోపలి పనుల మధ్య ఇచ్చే విరామాలు) వేరు. బోర్డు ఒకే టైమింగులని నాలుగింటికీ పెడుతుంది.

సాకెట్_చూపు:

పొద్దున పూట క్రాష్ సంగతి ఎవరూ ఎత్తలేదు. బయోస్‌లో మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్ ఆన్‌లో ఉందేమో చూడండి. అది ఆన్ ఉంటే బోర్డు ప్రతిసారీ కొత్తగా ట్రెయినింగ్ చేయదు, పోయినసారి లెక్కలే వాడుకుంటుంది. బూట్ వేగంగా అవుతుంది, బాగుంటుంది. కానీ వేడిగా ఉన్నప్పుడు కుదిరిన లెక్క చల్లగా ఉన్నప్పుడు కుదరాలని లేదు. అంచున నడిచే మెమరీకి ఆ తేడా చాలు. పరీక్షలు పూర్తయ్యేదాకా దాన్ని ఆఫ్‌లో ఉంచండి. ప్రతి బూట్‌కీ నల్లతెర ఎక్కువసేపు ఉంటుంది, మధ్యలో పవర్ తీయొద్దు. తర్వాత ఆన్ చేసుకుంటే దాని పక్కనే ఉండే పవర్ డౌన్ ఎనేబుల్ కూడా ఆన్ చేయండి. మొదటిది ఆన్, రెండోది ఆఫ్ ఉంటే కొన్ని బోర్డుల్లో అదే బ్లూ స్క్రీన్‌లకి కారణమవుతుంది.

ఎప్పుడైనా ఏదో సెట్టింగ్ పెట్టి అసలు బూటే కాకపోతే: పవర్ సప్లై స్విచ్ ఆపి, తీగ పీకి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కి మిగిలిన కరెంటు ఖాళీ చేసి, సీమాస్ క్లియర్ అని రాసున్న (బయోస్ సెట్టింగులని చెరిపే) రెండు పిన్నులని స్క్రూడ్రైవర్ మొనతో 10 సెకన్లు కలపండి. ఆ తర్వాతి మొదటి బూట్‌కి 10 నిమిషాలైనా ఓపిక పట్టండి.

పసుపు_లైటు:

అర్థమైంది. కొత్త జత వచ్చేదాకా స్టిక్ 4ని కలిపి 3 స్టిక్‌లతో 48 జీబీగా నడపొచ్చా? చివరికి 64 జీబీ కావాలంటే ఏది మంచిది?

మెమరీ_మేస్త్రి:

3 స్టిక్‌లు వద్దు. ఒక చానెల్‌లో రెండు, ఇంకోదాంట్లో ఒకటి ఉంటే 4 స్టిక్‌ల తలనొప్పి ఎలాగూ వస్తుంది, పైగా మెమరీలో కొంత భాగానికి రెండు చానెళ్ల వేగం దక్కదు. పాత జతతో 6000లో నడపండి.

64 జీబీకి అన్నిటికన్నా సుఖమైన దారి 32 జీబీ స్టిక్‌లు రెండు, ఒకే పెట్టెలోవి. రెండు వైపులా చిప్‌లుంటాయి కాబట్టి కంట్రోలర్ మీద బరువు 16 జీబీవాటికన్నా కాస్త ఎక్కువే, అయినా చానెల్‌కి ఒకే స్టిక్ కాబట్టి 6000 చాలావరకు కుదురుతుంది. కొనేముందు బోర్డు మెమరీ జాబితాలో ఆ మోడల్ నంబర్, దాని ఎదురుగా 2 స్టిక్‌ల గడిలో టిక్ ఉందో లేదో చూడండి. 4 స్టిక్‌ల గడి సాధారణంగా ఖాళీగానే ఉంటుంది.

నాలుగూ ఉంచుకుంటానంటే ఎక్స్‌పో ఆఫ్ చేసి 3600 నుంచి మొదలుపెట్టండి. తర్వాత 4800, 5200, ఒక్కో మెట్టు. ఎడిటింగ్‌లో మెమరీ చాలక డిస్క్ మీదకి దొర్లడం కన్నా 3600లో 64 జీబీ ఉండటమే నయం. ఆటలకైతే ఆ వేగం తగ్గడం బాగానే తెలుస్తుంది.

ఏ దారి ఎంచుకున్నా ఖరారు చేసేముందు మెమ్‌టెస్ట్86 ఒక్కటే చాలదు, అది విండోస్ బయట నడుస్తుంది, మెషీన్‌ని వేడెక్కించదు. 4 పాస్‌లు శుభ్రంగా వచ్చాకే విండోస్‌లోకి వెళ్లి టెస్ట్‌మెమ్5 అనే ప్రోగ్రామ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా, అంటా777 (anta777) ఎక్స్‌ట్రీమ్ అనే కాన్ఫిగ్‌తో 3 సైకిళ్లు నడపండి. ఆ తర్వాత వై-క్రంచర్‌లో వీటీ3 అనే పరీక్ష గంటసేపు, ఇది కంట్రోలర్‌నీ ఫ్యాబ్రిక్‌నీ (ప్రాసెసర్ లోపలి భాగాలని కలిపే దారి) పిండుతుంది. పక్కన హెచ్‌డబ్ల్యూఇన్ఫో తెరిచి స్టిక్‌ల వేడి చూస్తూ ఉండండి, డీడీఆర్5 స్టిక్ మీదే సెన్సర్ ఉంటుంది. చివరగా గ్రాఫిక్స్ కార్డుకి కూడా పని పెట్టి మెమరీ టెస్ట్ ఇంకోసారి. కార్డు వదిలే వేడిగాలి నేరుగా స్టిక్‌ల మీదకి లేస్తుంది. ఒంటరిగా 45 డిగ్రీల్లో పాసైన మెమరీ ఆటలో 60 దాటాక తప్పడం మామూలే, వేడి పెరిగితే గడుల్లోని చార్జ్ త్వరగా కారిపోతుంది. అలా జరిగితే వోల్టేజ్ పెంచకండి, స్టిక్‌ల వైపు గాలి తిప్పండి.

కర్వ్ ఆప్టిమైజర్ ఇవన్నీ అయ్యాకే, మైనస్ 10 నుంచి. ఇన్నాళ్లూ చెడ్డ స్టిక్‌తో నడిచింది కాబట్టి విండోస్‌లో అడ్మిన్ కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ముందు డిస్మ్ రిస్టోర్ హెల్త్, తర్వాత ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ నడపండి. అవి సిస్టమ్ ఫైళ్లని మాత్రమే దిద్దుతాయి. కొత్త జత వేసిన రోజు తర్వాత మీరు కాపీ చేసినవి, విప్పినవి, ఎగుమతి చేసిన వీడియోలు ఉంటే వాటిని మాత్రం అసలు ప్రతులతో మీరే పోల్చి చూసుకోవాలి.